‘స్టేటెడ్ దట్’ తర్వాత ‘ఆర్’ రాయాలా, ‘వర్’ రాయాలా?

ముందు ప్రశ్న ఏమిటో ఒకసారి చెప్పుకుందాం. మీరు గుణుపురం దగ్గర కొండ పల్లెల్లో తాగునీటి మీద ఫీల్డ్‌వర్క్ చేసి, ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నారు. అందులో ‘ద విలేజర్స్ టోల్డ్ దట్ దే ఆర్ నాట్ గెటింగ్ వాటర్ ఫ్రమ్ ద హ్యాండ్ పంప్’ అని రాశారు. మీ గైడు గారు ‘టోల్డ్’ కొట్టేసి ‘స్టేటెడ్’ అనీ, ‘ఆర్’ కొట్టేసి ‘వర్’ అనీ దిద్దారు. ఆ బోరింగు ఇప్పటికీ పాడయ్యే ఉంది కదా, ‘వర్’ అని రాస్తే అప్పుడు రాలేదు గానీ ఇప్పుడు వస్తున్నాయని చదివేవాళ్లు అనుకోరా అన్నది మీ అనుమానం. ‘దట్’ ప్రతి వాక్యంలోనూ ఉంచాలా, తీసేయొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. ‘టోల్డ్ దట్’ తప్పు, అది మార్చాల్సిందే. ‘వర్’ సరైనదే, రిపోర్టులో అదే రాయండి. ‘దట్’ ఉంచండి. మీరు రాసిన ‘ఆర్’ వ్యాకరణ దోషమేమీ కాదు. కానీ అలా రాస్తే ఊరివాళ్లు చెప్పిన మాటకి మీరు కూడా పూచీ పడినట్టవుతుంది. ‘వర్’ రాస్తే మాటా, పూచీ రెండూ చెప్పినవాళ్ల దగ్గరే ఉంటాయి. మీ అనుమానం మంచి అనుమానం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను రాయగడ వైపు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఊళ్లవాళ్ల అర్జీలు, స్వచ్ఛంద సంస్థల నివేదికలు దిద్దుతుంటాను. మన ఆంధ్రా, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ విషయానికి మామూలు కంటే బరువెక్కువ. కొండ మీద అమ్మ సవరలోనో కుయిలోనో చెప్తుంది. పక్కనున్న అబ్బాయి దాన్ని ఒడియాలోకో తెలుగులోకో మారుస్తాడు. మీరు తెలుగులో నోట్సు రాసుకుంటారు. చివరికి అది ఇంగ్లీషు రిపోర్టై బ్లాక్ ఆఫీసుకో యూనివర్సిటీకో వెళ్తుంది. మాట ఇన్ని చేతులు మారేచోట, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అది నిజమని ఎవరు అంటున్నారు అనే మూడు సంగతులూ కలగాపులగం కాకూడదు. ‘స్టేటెడ్ దట్’ లాంటి క్రియలున్నది ఆ పనికే.

తెలుగులో మనం ‘నీళ్లు రావటం లేదని చెప్పారు’ అంటాం. ‘రావటం లేదు’ అన్నది చెప్పినవాళ్ల కాలంలోనే ఉండిపోయింది. చెప్పింది నిన్నయినా, పదేళ్ల కిందటైనా లోపలి క్రియ మారదు. ఒడియాలో ‘బోలి’ పెట్టి చెప్పినా ఇంతే. ఇంగ్లీషు పద్ధతి వేరు. అక్కడ లోపలి క్రియ కూడా రాసేవాడు నిలబడ్డ చోటు నుంచి చూసి పడుతుంది. వాళ్లు మాట్లాడింది మీకు గడిచిపోయిన కాలం, కాబట్టి ‘స్టేటెడ్’. వాళ్లు చెప్పిన స్థితి కూడా ఆ గడిచిపోయిన సమయానిదే, కాబట్టి ‘వర్’. మన పిల్లలు తడబడేది ఇక్కడే. ఇంటి భాష, బడి భాష రెండూ ఒకే దారిలో నడుస్తాయి, ఇంగ్లీషు ఒక్కటే పక్కకి తిరుగుతుంది. కాబట్టి మీకు ‘వర్’ చెవికి ఆనకపోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు మీ అనుమానానికి వస్తాను. ‘దే వర్ నాట్ గెటింగ్ వాటర్’ అంటే ఇప్పుడు వస్తున్నాయని అర్థం కాదు. వాళ్లు చెప్పిన రోజున రావడం లేదని మాత్రమే అర్థం. ఇవాళ్టి సంగతి ఆ వాక్యం అసలు ముట్టుకోదు. ఇవాళ కూడా అదే పరిస్థితి అని మీకు తెలిస్తే, దాన్ని ఊరివాళ్ల నోట్లో పెట్టకండి. మీ మాటగా ఇంకో వాక్యం రాయండి: ‘ద పంప్ వాజ్ స్టిల్ అవుట్ ఆఫ్ ఆర్డర్ వెన్ ద రీసెర్చర్ విజిటెడ్ ద విలేజ్ అగైన్ ఇన్ ఫిబ్రవరి.’ ఇప్పుడు రెండు సాక్ష్యాలయ్యాయి, ఒకటి వాళ్లు చెప్పింది, రెండోది మీరు కళ్లారా చూసింది. ఒక్క ‘ఆర్’లో రెండిటినీ ఇరికించడం కంటే ఇది ఎంతో బలమైన రాత.

నా దగ్గరికి వచ్చిన ఒక సంగతి చెప్తాను. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు రోడ్ల మీద నివేదిక రాశారు. ‘ద వార్డ్ మెంబర్ స్టేటెడ్ దట్ ద రోడ్ ఈజ్ అన్‌ఫిట్ ఫర్ ఆంబులెన్సెస్’ అని అందులో ఉంది. నివేదిక తయారై పై ఆఫీసుకి చేరేసరికి ఆ రోడ్డు మీద మెటల్ పరిచేశారు. చదివిన అధికారి ‘ఈ రోడ్డు బాగానే ఉంది, మీ నివేదిక తప్పు’ అని పక్కన పెట్టేశారు. వార్డు మెంబరు ఆ రోజు చెప్పింది అక్షరాలా నిజం. సంస్థవాళ్లు రాసింది కూడా నిజాయితీగానే రాశారు. కానీ ‘ఈజ్’ అనడంతో ఆ మాట ఆ రోజుది కాకుండా చదివే రోజుదైపోయింది. తర్వాత నా దగ్గరికి వస్తే తేదీ చేర్చి, ‘ఈజ్’ తీసి ‘వాజ్’ పెట్టాం. ‘ద వార్డ్ మెంబర్ స్టేటెడ్ ఆన్ 12 ఆగస్ట్ దట్ ద రోడ్ వాజ్ అన్‌ఫిట్ ఫర్ ఆంబులెన్సెస్.’ ఈ వాక్యాన్ని ఎవరూ తప్పనలేరు. రోడ్డు తర్వాత బాగుపడినా సరే, ఆ రోజు అలా చెప్పారన్నది నిలుస్తుంది.

మరి వర్తమానం ఎప్పుడు ఉంచొచ్చు? ఎప్పటికీ మారని సంగతి అయితే ఉంచండి. ‘ద హెడ్‌మాస్టర్ ఎక్స్‌ప్లెయిన్డ్ దట్ ద వంశధార జాయిన్స్ ద సీ ఎట్ కళింగపట్నం.’ నది ఇప్పుడూ అక్కడే కలుస్తోంది, ‘జాయిన్డ్’ అంటే దారి మళ్లిందేమో అనిపిస్తుంది. అలాగే ఆ సంగతి మీరే పరిశీలించి, నిజమని ఒప్పుకుని, దాన్ని మీ వాదనకి ఆధారం చేసుకుంటున్నప్పుడు కూడా వర్తమానం చెల్లుతుంది. అప్పుడు పూచీ మీదని తెలిసే రాస్తున్నారు. ఇంకొకటి, పై క్రియ వర్తమానంలో ఉంటే లోపలిది కదపక్కర్లేదు. ‘టేబుల్ 3 షోస్ దట్ మోస్ట్ హౌస్‌హోల్డ్స్ డిపెండ్ ఆన్ స్ట్రీమ్స్’ అని రాయొచ్చు, ఎందుకంటే ఆ పట్టిక చదివేవాడి కళ్లముందే ఉంది. చాలామంది పిల్లలు ‘టేబుల్ 3 షోడ్ దట్’ అని రాస్తారు, అక్కడ భూతకాలం అక్కర్లేదు.

‘విల్’ మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. ఇంజనీరు మీతో ‘మార్చికల్లా పని అయిపోతుంది’ అన్నారనుకోండి. రిపోర్టులో ‘ది ఇంజనీర్ స్టేటెడ్ దట్ ద వర్క్ వుడ్ బి కంప్లీటెడ్ బై మార్చ్’ అనాలి. పని అయిందో లేదో ‘వుడ్’ చెప్పదు, మాట ఇచ్చారని మాత్రమే చెప్తుంది. ‘విల్’ అని ఉంచేస్తే, మార్చి దాటాక చదివినవాడికి ఆ వాక్యం వెర్రిగా కనిపిస్తుంది. ‘కెన్’ ‘కుడ్’ అవుతుంది, ‘మే’ ‘మైట్’ అవుతుంది. ‘షుడ్’, ‘వుడ్’, ‘కుడ్’, ‘మైట్’ అన్నవి ముందే ఉంటే అలాగే ఉంటాయి. ‘మస్ట్’ని ‘హ్యాడ్ టు’గా మార్చొచ్చు, అలాగే ఉంచినా తప్పు లేదు.

‘హ్యాడ్’ విషయంలో మన పిల్లలకి టెన్షన్ ఎక్కువ. చెప్పినవాళ్లు, తాము చెప్పిన సమయానికంటే ముందు జరిగిన సంగతి చెప్తే ‘హ్యాడ్’ వస్తుంది. ‘ద విడో స్టేటెడ్ దట్ షి హ్యాడ్ అప్లైడ్ ఫర్ ఎ పెన్షన్ ట్వైస్.’ ఇది బాగుంది. కానీ సంవత్సరం స్పష్టంగా ఉంటే ‘స్టేటెడ్ దట్ షి అప్లైడ్ ఇన్ 2019’ అన్నా ఎవరికీ అయోమయం రాదు. ఒక పేరాలో ప్రతి క్రియకీ ‘హ్యాడ్’ తగిలిస్తే చదవడం నరకం. మొదటి వాక్యంలో ఒకసారి పెట్టి కాలం తేల్చేశాక మిగతావాటిని మామూలు భూతకాలంలో నడిపించండి.

ఇక ‘టోల్డ్ దట్’. మీ గైడు గారు కొట్టేసింది ఇందుకే: ‘టెల్’ అన్న క్రియకి ఎవరికి చెప్పారో వెంటనే రావాలి. ‘ద విలేజర్స్ టోల్డ్ ద టీమ్ దట్’ అంటే సరిపోయేది, ‘స్టేటెడ్’గా మార్చక్కర్లేకుండానే. ‘ఇన్‌ఫామ్’, ‘అష్యూర్’ కూడా అంతే. ‘ద బీడీవో ఇన్‌ఫామ్డ్ దట్’ అని మన ఆఫీసు కాగితాల్లో రోజూ కనిపిస్తుంది, అయినా రాయకండి. ‘ఇన్‌ఫామ్డ్ ద టీమ్ దట్’ అనాలి. ‘కాంట్రాక్టర్ అష్యూర్డ్ ద విలేజర్స్ దట్’ అనాలి. ఆఫీసుల్లో ఇష్టంగా వాడే ‘ఇట్ వాజ్ ఇన్‌ఫామ్డ్ దట్’ కూడా ఇంగ్లీషు కాదు, ‘ద టీమ్ వాజ్ ఇన్‌ఫామ్డ్ దట్’ అనాలి.

దీనికి సరిగ్గా తిరగబడ్డ జట్టు ఇంకొకటి ఉంది. ‘స్టేట్’, ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘మెన్షన్’, ‘పాయింట్ అవుట్’, ‘సజెస్ట్’, ‘కంప్లెయిన్’ తర్వాత మనిషి నేరుగా రాకూడదు, మధ్యలో ‘టు’ కావాలి. ‘షి ఎక్స్‌ప్లెయిన్డ్ అస్ దట్’ తప్పు, ‘ఎక్స్‌ప్లెయిన్డ్ టు అస్ దట్’ ఒప్పు. ‘మెన్షన్డ్ అబౌట్’, ‘డిస్కస్డ్ దట్’ అనేవి కూడా మానేయండి. ‘డిస్కస్’కి ‘దట్’ రానే రాదు, దాని తర్వాత విషయం పేరు రావాలి. ఇక ‘డినైడ్ దట్’ తర్వాత మళ్లీ ‘నాట్’ పెడితే అర్థం తిరగబడుతుంది. ‘ద డీలర్ డినైడ్ దట్ హి హ్యాడ్ నాట్ సప్లైడ్ రైస్’ అంటే బియ్యం ఇచ్చానని డీలరు అన్నట్టే లెక్క. ఇవ్వలేదన్న ఆరోపణని ఆయన కాదన్నారని చెప్పాలంటే ఈ వాక్యమే సరి. కానీ చాలామంది రాయాలనుకునేది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

నేను ఎక్కువ సేపు కూర్చుని దిద్దేది మాత్రం ఇవి కాదు. ఏ క్రియ ఎంచుకున్నారన్నదే అసలు సంగతి. కాలం తప్పితే పరీక్షకుడు ఎర్ర ఇంకుతో దిద్దుతాడు, అయిపోతుంది. క్రియ తప్పితే మనిషికి అన్యాయం జరుగుతుంది, అది వ్యాకరణంగా సరిగ్గా ఉంటుంది కాబట్టి ఎవరూ దిద్దరు.

గజపతి జిల్లా కొండల్లో పనిచేసిన ఒక విద్యార్థి రిపోర్టులో ‘ద విమెన్ క్లెయిమ్డ్ దట్ దే వాక్డ్ టూ కిలోమీటర్స్ ఫర్ వాటర్’ అని ఉంది. ఆ పిల్లవాడికి సవర ఆడవాళ్ల మీద ఎంతో గౌరవం. ‘స్టేటెడ్’ అన్నది ఇప్పటికే చాలాసార్లు వచ్చింది, మార్పు కోసం ‘క్లెయిమ్డ్’ వేశానన్నాడు. కానీ ‘క్లెయిమ్డ్’ అంటే వాళ్లు అంటున్నారు గానీ నేను నమ్మడం లేదనే నీడ పడుతుంది. రోజూ బిందె ఎత్తుకుని నడిచే మనిషి మాట మీద ఆ నీడ ఎందుకు పడాలి? అక్కడ ‘రిపోర్టెడ్ దట్’ అని రాయించాను. ‘స్టేటెడ్’ రెండుసార్లు, మూడుసార్లు వచ్చినా ఫర్వాలేదు. కథల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే బాగుండదేమో గానీ నివేదికలో అది లోపం కాదు.

అలాగే ‘అడ్మిటెడ్ దట్’ అంటే తప్పు ఒప్పుకున్నట్టు. అంగన్‌వాడీ కార్యకర్త ‘ఈ నెల గుడ్లు రాలేదు’ అని చెప్తే ‘అడ్మిటెడ్’ అని రాయకండి, గుడ్లు రాకపోవడం ఆమె తప్పు కాదు. ‘పాయింటెడ్ అవుట్ దట్’, ‘నోటెడ్ దట్’ అంటే ఆ సంగతి నిజమని మీరు కూడా ఒప్పుకున్నట్టు. మీరు సరిచూసుకోకుండా ఈ రెండూ వాడొద్దు. ‘రివీల్డ్’ అంటే దాచిన సంగతి బయటపెట్టినట్టు, సర్వేకి వాడొచ్చు, మామూలు మనిషి మాటకి వాడితే అనవసరమైన నాటకీయత వస్తుంది. ‘ఎలెజ్డ్’ ఒకరి మీద ఇంకొకరు ఆరోపణ చేసినప్పుడు, అది తేలకముందు వాడాలి. అక్కడ అదే న్యాయం, ఇద్దరికీ. ఈ అనుమానాలేవీ లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేవి ‘సెడ్’, ‘స్టేటెడ్’, ‘రిపోర్టెడ్’. రిపోర్టులో నూటికి ఎక్కువ పాళ్లు వీటితోనే నడవాలి.

కోర్టు కాగితాలు చదివేవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. సాక్షి ‘డిపోజ్డ్ దట్’, న్యాయవాది ‘సబ్మిటెడ్ దట్’, కోర్టు ‘హెల్డ్ దట్’ అంటారు. ‘అబ్జర్వ్డ్ దట్’ అంటే కోర్టు దారిలో అన్న మాట, ‘హెల్డ్ దట్’ అంటే తేల్చి చెప్పిన తీర్పు. మీ రిపోర్టులో వంశధార నీళ్ల తగాదా ఎలాగూ వస్తుంది కాబట్టి ఉదాహరణ అక్కడి నుంచే ఇస్తాను. నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చని ట్రిబ్యునల్ 2017లో ఆంధ్రాకి అనుమతి ఇచ్చింది. దాన్ని ‘ఇన్ 2017 ద ట్రిబ్యునల్ హెల్డ్ దట్ ఆంధ్ర ప్రదేశ్ కుడ్ కన్‌స్ట్రక్ట్ ఎ బ్యారేజ్ ఎట్ నేరడి’ అని రాయాలి. ఇక్కడ ‘క్లెయిమ్డ్’ గానీ ‘సెడ్’ గానీ పెడితే తీర్పు స్థాయి పడిపోతుంది. రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ ముందు వినిపించిన వాదనలకి మాత్రం ‘ఆర్గ్యూడ్’, ‘కంటెండెడ్’ సరిపోతాయి.

ఇప్పుడు ‘దట్’. మాటల్లో ‘హి సెడ్ హి వాజ్ టైర్డ్’ అని తీసేస్తారు, ‘సెడ్’, ‘థాట్’ లాంటి చిన్న క్రియల తర్వాత అది సహజమే. ‘స్టేటెడ్’, ‘ఆర్గ్యూడ్’, ‘కన్‌క్లూడెడ్’, ‘ఎక్స్‌ప్లెయిన్డ్’ తర్వాత తీసేస్తే వాక్యం కుంటుతుంది. ఇంకా రెండు చోట్ల దాన్ని తీస్తే అర్థమే మారిపోతుంది. మొదటిది, మధ్యలో రోజో చోటో వచ్చినప్పుడు. ‘ద సెక్రటరీ స్టేటెడ్ ఆన్ మండే ద వర్క్ హ్యాడ్ స్టాప్డ్’ అంటే సోమవారం చెప్పారా, పని ఆగింది సోమవారమా? ‘ఆన్ మండే దట్’ అంటే చెప్పింది సోమవారం. ‘దట్ ఆన్ మండే’ అంటే పని ఆగింది సోమవారం.

రెండోది ఇంతకంటే ముఖ్యం, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఒక ‘స్టేటెడ్’ కింద రెండు సంగతులుంటే రెండో దాని ముందు కూడా ‘దట్’ పెట్టండి. ‘ద హెడ్‌మాస్టర్ స్టేటెడ్ దట్ ద రూఫ్ లీక్డ్ అండ్ ద చిల్డ్రన్ వర్ సెంట్ హోమ్.’ పిల్లల్ని ఇంటికి పంపడం హెడ్‌మాస్టరు చెప్పిందా, మీరు వెళ్లినప్పుడు చూసిందా? తెలీదు. ‘అండ్ దట్ ద చిల్డ్రన్ వర్ సెంట్ హోమ్’ అంటే రెండూ ఆయనవే. మీరు చూసిందైతే ఫుల్‌స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టండి. ఒక్క చిన్న మాటతో ఎవరి సాక్ష్యం ఎంతవరకో గీత గీసినట్టవుతుంది.

సలహాలు, సిఫారసులు, డిమాండ్లు వచ్చినప్పుడు పైన చెప్పిన కాలం లెక్క పనిచేయదు. ‘ద డాక్టర్ రికమెండెడ్ దట్ ద చైల్డ్ బి టేకెన్ టు బరంపురం.’ ఇక్కడ ‘వాజ్’ రాదు, ‘ఈజ్’ రాదు, ఉత్త ‘బి’. బ్రిటిష్ పద్ధతిలో ‘షుడ్ బి’ అంటారు, రెండూ సరైనవే, ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే ఉంచండి. ‘డిమాండెడ్ దట్’, ‘రిక్వెస్టెడ్ దట్’కీ ఇదే పద్ధతి. ‘సజెస్టెడ్’కి మాత్రం రెండు ముఖాలున్నాయి. మనిషి సలహా ఇస్తే ‘బి’. లెక్కలు ఏదైనా సూచిస్తుంటే మామూలు భూతకాలం: ‘ద టెస్ట్ రిజల్ట్స్ సజెస్టెడ్ దట్ ద వెల్ వాజ్ కంటామినేటెడ్.’

రోజు, చోటు చెప్పే మాటలు కూడా మీ చోటు నుంచి మార్చాలి. ‘ఎస్టర్‌డే’ ‘ద ప్రీవియస్ డే’ అవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నేనైతే తేదీ వేయమంటాను. మన దగ్గర ఇంకో చిక్కుంది, ‘ఇటు’, ‘అటు’. ‘అటువైపు ఆసుపత్రికి వెళ్తాం’ అంటే పర్లాకిమిడిలో మాట్లాడేవాళ్లకి అటు అంటే పాతపట్నం, పాతపట్నంలో వాళ్లకి అటు అంటే పర్లాకిమిడి. భువనేశ్వర్‌లో చదివేవాళ్లకి రెండూ అర్థం కావు. ‘ద అదర్ సైడ్’ అని ఎప్పుడూ రాయకండి, ఊరి పేరూ రాష్ట్రం పేరూ రాయండి.

దుబాసీ ద్వారా విన్న మాటకి ఆ సంగతి వాక్యంలోనే చెప్పాలి. ‘ద రెస్పాండెంట్ స్టేటెడ్, త్రూ ఎన్ ఇంటర్‌ప్రెటర్, దట్ ద స్ట్రీమ్ వాజ్ డ్రై ఇన్ సమ్మర్.’ ప్రతి వాక్యానికీ అక్కర్లేదు, ఒక్కో మనిషి మాట మొదలైన చోట ఒకసారి చాలు. కానీ అసలు చెప్పకుండా వదిలేయడం నాకు ఒప్పదు. ఆమె వాడిన సవర మాటకీ మీరు రాసిన ఇంగ్లీషు మాటకీ మధ్య ఇంకో మనిషి ఉన్నాడని చదివేవాడికి తెలిసే హక్కుంది. ఆమె మాట ఎంతో బలంగా ఉండి, దాన్ని మార్చడానికి మీకు మనసొప్పకపోతే కోట్స్‌లో నేరుగా ఇవ్వండి. కోట్స్ లోపల కాలం మార్చకూడదు, ‘వి ఆర్ డ్రింకింగ్ మడ్’ అని ఆమె అంటే ‘ఆర్’ అలాగే ఉంటుంది. అక్కడ పూచీ పూర్తిగా ఆమెదని కోట్సే చెప్తాయి.

‘ఇట్ వాజ్ స్టేటెడ్ దట్’ అని చెప్పినవాళ్లని దాచేయడం మన ఆఫీసు రాతల్లో మామూలు. మీరు దాన్ని అలవాటు చేసుకోకండి. అయితే ఊళ్లో ఎవరైనా సర్పంచ్ మీదో డీలర్ మీదో చెప్పినప్పుడు పేరు దాచడం మీ బాధ్యత. అప్పుడు కూడా ‘ఇట్ వాజ్ స్టేటెడ్’ అనకుండా ‘వన్ రెస్పాండెంట్ స్టేటెడ్ దట్’ అనండి. పేరు లేకపోయినా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. చిన్న పల్లెలో ‘ఎన్ ఎల్డర్లీ విడో’ అని రాసినా ఎవరో పోల్చేస్తారు, ఆ వివరం కూడా తీసేయండి.

పాత పుస్తకాలు, పరిశోధనలు ప్రస్తావించే అధ్యాయం గురించి మీరు అడగలేదు గానీ, తర్వాత తప్పకుండా వస్తుంది కాబట్టి రెండు మాటలు. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో ఇతరుల పరిశోధన గురించి రాసేటప్పుడు ‘ఆర్గ్యూడ్’, ‘ఫౌండ్’ అని భూతకాలం వాడతారు, లేదా ‘హావ్ ఫౌండ్’ అంటారు. సాహిత్యం వాళ్లు పాటించే ఎం.ఎల్.ఏ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో ‘ఆర్గ్యూస్’ అని వర్తమానం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష మీదా, వాడుక తెలుగు కోసమూ పనిచేశారు. 1940లో పోయారు. సాహిత్య విద్యార్థి ‘గిడుగు ఆర్గ్యూస్ దట్’ అని రాస్తే తప్పు కాదు, మీ సోషల్ వర్క్ రిపోర్టులో ‘గిడుగు ఆర్గ్యూడ్ దట్ టెక్స్ట్‌బుక్స్ షుడ్ బి రిటెన్ ఇన్ ద లివింగ్ లాంగ్వేజ్’ అన్నది తగినది. మీ డిపార్ట్‌మెంట్ ఏ పద్ధతి పాటిస్తుందో గైడు గారిని ఇప్పుడే అడిగి తెలుసుకోండి. సమర్పించే ముందు వారంలో అన్నీ మార్చుకోవడం చాలా కష్టం.

చివరగా మీ వాక్యం. నేనైతే ఇలా రాస్తాను:

‘డ్యూరింగ్ ద విజిట్ ఆన్ 9 జనవరి, ద విలేజర్స్ స్టేటెడ్ దట్ దే వర్ నాట్ గెటింగ్ వాటర్ ఫ్రమ్ ద హ్యాండ్ పంప్ అండ్ దట్ దే హ్యాడ్ రిపోర్టెడ్ ఇట్ టు ద బ్లాక్ ఆఫీస్. ద రీసెర్చర్ ఫౌండ్ ద పంప్ అవుట్ ఆఫ్ ఆర్డర్ ఆన్ ద సేమ్ డే.’

తేదీలు మీ నోట్సు చూసి వేసుకోండి. బ్లాక్ ఆఫీసుకి చెప్పామన్న సంగతి వాళ్లు నిజంగా చెప్పి ఉంటేనే ఉంచండి, నేను రెండో ‘దట్’ ఎక్కడ వస్తుందో చూపించడానికి చేర్చాను. మీ నోట్సులో మాటలు వాళ్లన్నట్టే, వర్తమానంలోనే రాసి ఉంచుకోండి, పక్కన ఎవరు, ఏ రోజు, ఏ భాషలో అన్నది కూడా. కాలాలు మార్చే పని రిపోర్టు రాసేటప్పుడు చేసుకోవచ్చు, నోట్సులోనే మార్చేస్తే వాళ్లు అసలు ఏమన్నారో తర్వాత మీకే తెలియకుండా పోతుంది. మీ రిపోర్టులో అనుమానంగా ఉన్న వాక్యాలు ఇంకేవైనా ఉంటే ఇక్కడే పెట్టండి, ఒక్కొక్కటిగా చూద్దాం.